కలకత్తా డ్యూటీకి కిలోలోపు కెమెరా

నా ఉద్యోగం గోనె సంచులతో. జూట్ మిల్లులో సంచులు తయారయ్యాక, కొనేవాళ్ళ తరఫున మేం వెళ్ళి వాటిని తూచి, దారాలు లెక్కపెట్టి, తేమ చూసి, కుట్టు గట్టిగా ఉందో లేదో పరీక్షించి రిపోర్టు రాస్తాం. 50 కిలోల ధాన్యం పట్టే బీ-ట్విల్ రకం గోనె సంచి బరువు 580 గ్రాములు ఉండాలి. ఏళ్ళ తరబడి ఈ అంకెతోనే బతుకుతున్నాను కాబట్టి, ఏ వస్తువు పట్టుకున్నా సంచి కన్నా ఎక్కువా, తక్కువా అని నా చెయ్యి తనంతట తానే లెక్క వేస్తుంది. డ్యూటీ మీద వెళ్ళేటప్పుడు వెంట ఏ కెమెరా పెట్టుకోవాలో తేల్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. చివరికి తేలింది కూడా ఈ సంచి లెక్కలోనే.

జూట్ మిల్లులు ఎక్కువగా హుగ్లీ నదికి (గంగ పాయకి) రెండు వైపులా ఉంటాయి. ఏడాదిలో నాలుగైదుసార్లు హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్తుంటాను. అయితే నాకు ఆ ఊరు డ్యూటీ ఊరు మాత్రమే కాదు. మా అమ్మ పుట్టింది కలకత్తా దగ్గరి టిటాగఢ్‌లో. శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి ఒకప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు జూట్ మిల్లు పనికి అక్కడికి వెళ్ళాయి. మా తాత కూడా అలాగే వెళ్ళారు. అమ్మ తొమ్మిదేళ్ళ వరకూ మిల్లు లైన్లలోనే, అంటే కూలీల ఇళ్ళ వరసల్లోనే పెరిగింది. తర్వాత తాత పని మానేసి సోంపేట వచ్చేశారు. అమ్మ మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ప్రయాణం ఆమె వల్ల కాదు. నేను కలకత్తా బయల్దేరే ప్రతిసారీ ఒకటే మాట: "ఆ గంగ ఒడ్డు, ఆ మెట్లు ఫొటో తీసి తే నాయనా."

2019లో నా దగ్గరున్న పెద్ద కెమెరానే పట్టుకెళ్ళాను. నికాన్ డి750, బ్యాటరీ, కార్డుతో కలిపి 840 గ్రాములు. దానికి 24-70 ఎఫ్/2.8 లెన్స్ 900 గ్రాములు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది), 50 మి.మీ. లెన్స్ 185 గ్రాములు. ఛార్జర్, ఇంకో బ్యాటరీ, మెత్తలున్న కెమెరా బ్యాగు కలిపితే మూడు కిలోలు. విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర చేతి సంచి తూచారు. తొమ్మిది కిలోలు దాటింది. దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీ టికెట్‌కి మామూలుగా ఇచ్చేది 7 కిలోలు. అక్కడే పక్కకి జరిగి, నేల మీద పెట్టె తెరిచి, ఫైళ్ళూ బట్టలూ చెక్-ఇన్‌లోకి మార్చి, కెమెరా మెడలో వేసుకుని లోపలికి వెళ్ళాను. అది చిన్న ఇబ్బందే. అసలు కష్టం మిల్లు గేటు దగ్గర ఎదురైంది. లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు. అది న్యాయమే, ఏ ఫ్యాక్టరీ అయినా అంతే. కానీ మూడు కిలోల బ్యాగు గేటు గదిలో బల్ల కింద పెట్టి, సాయంత్రం దాకా లోపల సంచులు తూస్తూ ఉన్నానన్న మాటే గానీ, మనసంతా ఆ బల్ల కిందే ఉంది. ఆ టెన్షన్‌కి తోడు భుజం నొప్పి. మూడో రోజు తెల్లవారుజామున లేచి వెళ్దామనుకున్నవాణ్ణి, బ్యాగు వైపు చూసి మళ్ళీ దుప్పటి కప్పుకున్నాను. ఐదు రోజుల్లో మంచి ఫొటో ఒక్కటీ రాలేదు.

2021 చివర్లో దానికి పూర్తిగా ఎదురు చేశాను. ఫోన్ ఒక్కటే పట్టుకెళ్ళాను. చేతులు తేలిగ్గా ఉన్నాయి, చాలా ఫొటోలు తీశాను, ఫోన్‌లో చూస్తే అన్నీ బాగున్నాయి. ఇంటికొచ్చి అమ్మకి చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసి, "ఈ చిన్న అద్దంలో నాకేటి కనబడతాది" అంది. అందుకని రెండు ఫొటోలు 12×18 అంగుళాల సైజులో ప్రింట్ వేయించాను. వెలుతురు బాగా ఉన్నది ఫర్వాలేదు. తెల్లవారుజామున తీసినది మాత్రం ముఖాలు మైనం పూసినట్టు వచ్చాయి, కళ్ళు కళ్ళలా లేవు. చీకటి ఫొటోల్లో వచ్చే గింజల్లాంటి చుక్కల్ని ఫోన్ తుడిచేసే క్రమంలో చర్మం, జుట్టు, చీర నేత అన్నీ కలిపి తుడిచేసింది. ఆ ప్రింట్ అమ్మకి ఇవ్వలేదు.

2022 సెప్టెంబర్‌లో మళ్ళీ డ్యూటీ పడింది. దుర్గాపూజకి పది రోజుల ముందు. ఈసారి కెమెరాల గురించి చదవడం తర్వాత, ముందు నాకు ఖాళీ దొరికే గంటలు ఏవో కాగితం మీద రాసుకున్నాను. ఈ పని మొదటే చేసి ఉంటే రెండు ప్రయాణాలు వృథా అయ్యేవి కావు. మిల్లులో పని ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు. సెప్టెంబర్ మూడో వారంలో కలకత్తాలో సూర్యుడు ఉదయం ఐదున్నరకే వస్తాడు, సాయంత్రం ఐదున్నరకే వెళ్ళిపోతాడు. మన హైదరాబాద్ కన్నా అరగంట పైగా ముందు. అంటే పని ముగిసి గేటు బయటికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది. నాకు దొరికే పగటి వెలుతురు తెల్లవారి ఐదు నుంచి ఏడున్నర మధ్య మాత్రమే, అందులోనూ మొదటి అరగంట మసక. సాయంత్రాలు పూర్తిగా కరెంటు దీపాల వెలుతురు. కాబట్టి నాకు కావలసింది దూరానిది దగ్గరికి లాగే లెన్స్ కాదు, తక్కువ వెలుతురులో పని చేసే లెన్స్ అని అప్పుడు స్పష్టంగా అర్థమైంది.

తర్వాత వంటింటి తూకం మిషన్ తెచ్చుకుని చేతి సంచిలోకి వెళ్ళే ప్రతి వస్తువునీ తూచాను. ఖాళీ బ్యాక్‌ప్యాక్ 1.1 కిలోలు. ఆఫీసు ల్యాప్‌టాప్, ఛార్జర్ 1.9. మాయిశ్చర్ మీటర్, దారాలు లెక్కపెట్టే భూతద్దం, టేపు, కత్తెర లాంటి పనిముట్లు 1.2. ఫైళ్ళు 400 గ్రాములు. చెక్-ఇన్ పెట్టె ఎక్కడైనా తప్పిపోతే గడవడానికి ఒక జత బట్టలు 600. మందులు, చిరుతిండి, నీళ్ళసీసా లాంటివి అరకిలో. మొత్తం 5.7 కిలోలు. మిగిలింది కిలో మూడు వందలు. చివరి నిమిషంలో ఏదో ఒకటి తోడవుతుంది కాబట్టి కెమెరాకి సంబంధించిన సమస్తం కిలోలోపే ఉండాలని గీత గీసుకున్నాను. ఛార్జర్, తీగ, కార్డు, తుడిచే గుడ్డ అన్నీ ఆ కిలోలోనే. చాలామంది కెమెరా బరువు ఒక్కటే చూస్తారు. నా 2019 మూటలో కిలో పైన బరువు కెమెరాదీ కాదు, లెన్స్‌దీ కాదు, వాటిని కాపాడే బ్యాగుదీ ఛార్జర్‌దీ.

ఇంకో పని కూడా చేశాను. కంప్యూటర్‌లో ఉన్న పాత ఫొటోల్లో దాదాపు నాలుగు వేలు తీసి, ఏది ఎంత ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందో చెప్పే మి.మీ. అంకె; అంకె పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది) తీశానో చూశాను. ఈ వివరం ప్రతి ఫొటోలోనూ ఉంటుంది, లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెడితే వరుసగా చూపిస్తుంది. నా చేతిలో ఉన్నది 24 నుంచి 70 దాకా తిరిగే లెన్స్. అయినా ఫొటోల్లో సగానికి పైగా 35కీ 50కీ మధ్యనే ఉన్నాయి. మనుషుల్ని వాళ్ళ పనితో, వాళ్ళ చోటుతో కలిపి తీయడమే నాకు ఇష్టం. ఆ సంగతి నేను చెప్పుకోవడం వేరు, నాలుగు వేల ఫొటోలు చెప్పడం వేరు.

ముందుగా ఒక స్నేహితుడి దగ్గర రికో జీఆర్ 3 అడిగి తెచ్చుకున్నాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. సగం సంచి కూడా కాదు. చొక్కా జేబులో పడుతుంది, పెద్ద కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సైజు సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) అందులో పెట్టారు, ఫొటో చాలా స్ఫుటంగా వస్తుంది. వారం రోజులు దాన్ని విడిచి పెట్టలేదు. కానీ దానికి వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) లేదు, వెనక తెర చూసే తీయాలి. నాకు చత్వారం. దగ్గరి కళ్ళజోడు పెట్టుకుంటే తెర కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మసకబారతాడు. తీసేస్తే మనిషి కనిపిస్తాడు, తెర మసకబారుతుంది. వ్యూఫైండర్ ఉన్న కెమెరాలో పక్కన చిన్న చక్రం తిప్పి మన చూపుకి సరిచేసుకోవచ్చు, ఇక కళ్ళజోడు అక్కర్లేదు. నలభై దాటినవాళ్ళు కెమెరా కొనేముందు ఈ ఒక్కటీ తప్పకుండా చూసుకోవాలి. ఇరవై ఐదేళ్ళ కుర్రాళ్ళు రాసే సమీక్షల్లో ఈ మాట కనిపించదు. బాధగానే తిరిగి ఇచ్చేశాను.

సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 కూడా చూశాను. 302 గ్రాముల్లో 24 నుంచి 200 మి.మీ. దాకా వెళ్ళే జూమ్, పైకి లేచే చిన్న వ్యూఫైండర్ కూడా ఉంది. పగలు తిరిగేవాళ్ళకి దానికి మించింది లేదని నా అభిప్రాయం. కానీ దాని ఒక అంగుళం సెన్సర్ వైశాల్యం, ఏపీఎస్-సి సెన్సర్‌లో మూడో వంతు ఉంటుంది. జూమ్ చేసేకొద్దీ లెన్స్ వెలుతురు ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4.5కి పడిపోతుంది. నా గంటలు చీకటి గంటలు.

నికాన్ జెడ్50 మీద ఎక్కువ రోజులు ఆగాను, ఎందుకంటే నా లెన్సులన్నీ నికాన్‌వే. బ్యాటరీ, కార్డుతో 450 గ్రాములు, దాని 16-50 జూమ్ 135 గ్రాములు. కలిపితే 585, అచ్చంగా ఒక గోనె సంచి. చేతిలో పట్టు కూడా బాగుంది. కానీ ఆ జూమ్ 50 దగ్గర ఎఫ్/6.3. ఎఫ్/2 లెన్స్‌తో పోలిస్తే పదో వంతు వెలుతురే లోపలికి వస్తుంది. నా పాత 50 మి.మీ. పెట్టాలంటే మధ్యలో 135 గ్రాముల అడాప్టర్ కావాలి, ముక్కు ముందుకి సాగిపోయి తేలిక కెమెరా అనే మాటకి అర్థం పోతుంది. 28 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ ఒకటి 155 గ్రాములది ఉంది, దానితో 605 గ్రాములు. అది నిజంగా మంచి జోడీ. నికాన్ వాడేవాళ్ళెవరైనా అడిగితే ఇదే చెబుతాను. నేను ఆగింది ఒక్క కారణంతో: ఎఫ్/2.8 అంటే ఎఫ్/2లో సగం వెలుతురు.

చివరికి ఫుజిఫిల్మ్ ఎక్స్-టి30 దగ్గర మనసు నిలిచింది. బ్యాటరీ, కార్డుతో 383 గ్రాములు. 23 మి.మీ. ఎఫ్/2 లెన్స్ 180. ఆ లెన్స్ ఈ కెమెరా మీద పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో 35 మి.మీ. లాగా చూస్తుంది, అంటే నా నాలుగు వేల ఫొటోలు చెప్పిన చోటు. రెండూ కలిపి 563 గ్రాములు, సంచి కన్నా 17 గ్రాములు తక్కువ. 26 మెగాపిక్సెళ్ళు. 12×18 ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400 కావాలి, ఇందులో 4160×6240 వస్తాయి. కాస్త అంచులు కత్తిరించినా సరిపోతుంది.

కొత్తది కొనలేదు. కోఠిలోని ఒక షాపులో వాడినది దొరికింది. తెల్ల గోడ ముందు నిలబడి ఎఫ్/16లో ఫొటో తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూశాను. లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ వేసి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూసి బూజు లేదని రూఢి చేసుకున్నాను. మన కోస్తా జిల్లాల్లో వాడిన లెన్సులకి ఇది తప్పనిసరి, సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయాలి. బిల్లు మీద సీరియల్ నంబర్, కెమెరా కింద ఉన్న నంబర్ ఒకటేనా అని చూశాను. డబ్బు కోసం నా 24-70 అమ్మేశాను. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు నుంచి పదో తరగతి ఫేర్‌వెల్ దాకా దానితోనే తీశాను. షాపతను దాన్ని గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేటప్పుడు చూడలేక బయటికొచ్చేశాను.

షాపులో 18-55 జూమ్ కూడా రెండు రోజులు వాడి చూడమని ఇచ్చారు. 310 గ్రాములు, ఎఫ్/2.8 నుంచి 4, చెయ్యి వణికినా సర్దే స్టెబిలైజేషన్ ఉంది. దాన్నీ 23నీ తీసుకుని తెల్లవారి నాలుగున్నరకి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళాను. కలకత్తాలో నేను వెళ్ళాలనుకుంటున్నది హౌరా వంతెన కిందున్న మల్లిక్ ఘాట్ పూల బజారు కాబట్టి, ఇంటి దగ్గర దానికి సరిసాటి చోటు ఇదే. అదే చీకటి, అవే గుండ్రటి బల్బులు, తల మీద బంతిపూల మూటలతో పరుగులాంటి నడక. గంటసేపు జూమ్‌తో, గంటసేపు 23తో తీశాను. ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో తెలిసింది. స్టెబిలైజేషన్ నా చేతి వణుకుని ఆపింది గానీ నడిచే మనిషిని ఆపలేదు. గోడ, బల్బు, బుట్ట అన్నీ స్ఫుటంగా ఉన్నాయి, మూట మోస్తున్న మనిషి సాగిపోయాడు. మనిషిని ఆపాలంటే షట్టర్ వేగం పెరగాలి, వేగం పెరగాలంటే వెలుతురు కావాలి. ఎఫ్/2లో సెకనుకి 125వ వంతు దగ్గర ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచుకునే అంకె, పెంచేకొద్దీ ఫొటోలో గింజలు పెరుగుతాయి) 3200తో సరిపోయిన చోట, జూమ్ చేసి ఎఫ్/4లో తీస్తే 12800 అడిగింది. జూమ్ తిరిగి ఇచ్చేసి, దాని బదులు 35 మి.మీ. ఎఫ్/2 తీసుకున్నాను. 170 గ్రాములు. ఎవరైనా కూర్చుని మాట్లాడుతుంటే ముఖం తీయడానికి.

మిగతా సరంజామా చిన్నదే. అదనపు బ్యాటరీలు రెండు, ఒక్కొక్కటి 47 గ్రాములు. కెమెరా ఛార్జర్ ఇంట్లోనే వదిలేశాను. ఈ కెమెరా యూఎస్‌బీ-సి తీగతో ఛార్జ్ అవుతుంది, అదే తీగ ఫోన్‌కీ పనికొస్తుంది. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఒక్కొక్కటి 100 వాట్-అవర్లలోపు ఉంటే విడిగా అనుమతి అక్కర్లేదు. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 37 వాట్-అవర్లు, బాధ లేదు. కెమెరా బ్యాటరీ అయితే తొమ్మిది కూడా ఉండదు. కార్డులు మూడు తీసుకున్నాను, ఇంటికొచ్చేదాకా ఏదీ చెరపకూడదని. ఎక్స్-టి30లో కార్డుకి ఒకటే చోటు ఉంది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ కాపీలు బ్లాక్ చేసి ఉంటాయి. అందుకని ఫోన్‌కి తగిలించే చిన్న కార్డ్ రీడర్ ఒకటి కొన్నాను. కెమెరా బ్యాగు అసలు పెట్టుకోలేదు. మెత్తటి నూలు తువ్వాలులో చుట్టి, ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. అన్నీ కలిపి తూకం మిషన్ మీద పెడితే 940 గ్రాములు. ఆ రాత్రి బ్యాగు తగిలించుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చాను. "ఏమండీ, ఇంకా ప్రయాణం ఎల్లుండి కదా" అంది మా ఆవిడ.

కౌంటర్ దగ్గర 6.8 కిలోలు వచ్చింది. మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసర్‌కి నేనే ముందుగా చూపించి, లోపల వాడను, మీ దగ్గర పెట్టండి అన్నాను. తువ్వాలు చుట్టతో సహా తన టేబుల్ డ్రాయర్‌లో పెట్టి తాళం వేసి చీటీ రాసిచ్చారు. డ్రాయర్‌లో పట్టిందన్న ఒక్క కారణంతో ఆ రోజు సంచులు నిశ్చింతగా తూచాను.

మొదటి తెల్లవారుజామున మాత్రం దెబ్బ తగిలింది. సియాల్దా దగ్గర హోటల్ గదిలో రాత్రంతా ఏసీ, బయట సెప్టెంబర్ ఉక్క. మల్లిక్ ఘాట్‌లో కెమెరా తీయగానే లెన్స్ తెల్లగా మంచు పట్టినట్టు అయిపోయింది. తుడిస్తే మళ్ళీ పట్టింది. వ్యూఫైండర్ లోపల కూడా పట్టేసింది. దాదాపు అరగంట ఏమీ చేయలేక మెట్ల మీద కూర్చున్నాను, నేను దాచుకున్న మంచి వెలుతురంతా ఆ అరగంటలోనే వచ్చి వెళ్ళిపోయింది. తీసినవాటిలో పనికొచ్చేవి పదిలోపే. ఆ రాత్రి నుంచి కెమెరాని గాలి చొరకుండా జిప్ కవర్‌లో బిగించి, లేవగానే ఏసీ ఆపి కిటికీ తెరిచేవాణ్ణి. కవర్‌లో ఉండగానే కెమెరా బయటి వేడికి వచ్చేస్తుంది, చెమ్మ కవర్ మీద పడుతుంది గానీ లెన్స్ మీద పడదు. తేమ కొలవడం వృత్తిగా ఉన్నవాణ్ణి, ఇది ముందే ఆలోచించాల్సింది.

రెండో రోజు అన్నీ కుదిరాయి. మల్లిక్ ఘాట్‌ని మాటల్లో చెప్పడం కష్టం. 1943లో ప్రారంభించిన ఆ ఉక్కు వంతెన నీడలో, నది ఒడ్డున, మనిషి ఎత్తు బంతిపూల గుట్టలు, కాళీమాత కోసం కట్టిన ఎర్ర మందార దండలు. మందారని అక్కడ జబా అంటారు. దారి ఇద్దరు మనుషులు పట్టేంతే. పెద్ద కెమెరాతో వచ్చినవాళ్ళకి కూలీలు "సరో, సరో" అని అరుస్తూ దారి అడగడం నేను పక్కనుంచి చూశాను. అరచేతిలో ఇమిడిన కెమెరాతో గోడకి ఆనుకుని నిలబడితే నన్నెవరూ అడ్డం అనుకోలేదు. ఒక దండలు కట్టే ముసలాయన నా కెమెరా అడిగి తీసుకుని, బరువు చూసి, మనవడి బొమ్మ అనుకున్నట్టు నవ్వి తిరిగిచ్చాడు. ఆ నవ్వు తీశాను.

సాయంత్రం పని అయ్యాక విగ్రహాలు చేసేవాళ్ళ పేట కుమార్తులి వెళ్ళాను. మహాలయ ఇంకా నాలుగు రోజులుంది. ఇరుకు సందులు, రెండు వైపులా పాకలు, గడ్డితో కట్టిన అమ్మవారి దేహాలు కొన్ని, మట్టి మెత్తినవి కొన్ని, తెల్ల రంగు వేసి కళ్ళు దిద్దడానికి ఆగినవి కొన్ని. ఒక్కో పాకలో ఒకటో రెండో బల్బులు. శిల్పి తడి గుడ్డతో అమ్మవారి చెంప నునుపు చేస్తుంటే ఆయన చెయ్యి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి సెకనుకి 60వ వంతు సరిపోయింది. అక్కడ వెనక్కి జరగడానికి చోటు లేదు. 23 కన్నా ఇరుకు చూసే లెన్స్ ఉంటే విగ్రహం ముఖం తప్ప మనిషి రాడు.

నాలుగో రోజు మొదటి లోకల్ రైలు పట్టుకుని టిటాగఢ్ దిగాను. ఆ రోజు తనిఖీ కూడా అటువైపే. మిల్లు గోడ వెంట నడిస్తే లైన్లు, లైన్లు దాటితే ఘాట్. అమ్మ చెప్పిన మెట్లు అవేనో కాదో తెలియలేదు గానీ, టీ కొట్టు దగ్గర తెలుగు మాట వినపడి ఆగిపోయాను. డెబ్బై దాటిన ఆయన. "మీదేవూరు బాబూ?" అన్నారు. సోంపేట అన్నాను. "మాది మందస దగ్గర. నాన్న కాలంలో వచ్చీసేం" అని పక్కకి జరిగి చోటు ఇచ్చారు. తాత పేరు చెప్పాను, ఆయనకి తెలియదు. కానీ తెలుగువాళ్ళు స్నానానికి వచ్చే మెట్లు ఎప్పుడూ ఇవేనని, వేరే ఏవీ కావని గట్టిగా చెప్పారు. టీ తాగుతూ ఆయన నది వైపు చూస్తుంటే 35 లెన్స్ పెట్టి ఆరు ఫొటోలు తీశాను. ఐదు రోజుల్లో ఆ లెన్స్ వాడింది ఆ ఒక్కసారే. అయినా ఆ 170 గ్రాములు మళ్ళీ మోస్తాను. తర్వాత 23 పెట్టి మెట్లు, నీళ్ళు, అవతలి ఒడ్డు తీశాను. సూర్యుడు వెనక నుంచి వస్తున్నాడు, మెట్లు తడిగా ఉన్నాయి.

ఇంటికి రాగానే రెండు ప్రింట్లు వేయించాను, టీ కొట్టు పెద్దాయన ఒకటి, మెట్లు ఒకటి. అమ్మ మంచం మీద కూర్చుని, ప్రింట్ ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మెట్టూ చూసింది. పెద్దాయన చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉందని కూడా చూసింది. చాలాసేపటి తర్వాత మెట్ల ఫొటో అంచు మీద వేలు ఆపి, "ఎడం పక్క రావిచెట్టు ఉండీది రా. మీ తాత దాని కిందే కూకునీవోడు. అదేదీ?" అంది.

చెట్టు ఉంది. నేను దానికి వీపు ఆనించి నిలబడే ఆ ఫొటో తీశాను.

డిసెంబర్ మొదటి వారంలో మళ్ళీ డ్యూటీ పడింది. అప్పుడు అక్కడ సూర్యోదయం ఆరు గంటల ప్రాంతంలో, చలికాలం కాబట్టి గదిలో ఏసీ కూడా ఉండదు. సంచి అదే, 940 గ్రాములే. ఈసారి రైలు దిగగానే ముందు నాలుగైదు మెట్లు దిగి, నీళ్ళ దగ్గర నుంచి పైకి తిరిగి చూస్తాను.